పిల్లలు, పురుగులు, చదువు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కరువుభత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడడానికి నాకన్నా సమర్థులు ఈ సభలో ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను "విశ్రాంత జీవితం – కాలం సద్వినియోగం" అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆ విషయం మీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. ఉదయపు నడక, ప్రాణాయామం, భగవద్గీత, అందరికీ తెలిసినవే. నేను మాత్రం గత రెండేళ్ళుగా ప్రతి ఆదివారం మన సంఘ భవనంలో పురుగుల గురించి చదివిస్తున్నాను. దాని గురించి రకరకాలుగా వినిపిస్తోంది గనుక, అసలు అక్కడ జరిగేదేమిటో నా నోటితోనే చెప్పేద్దామని లేచాను.

ఇది మా ఇంట్లో మొదలైంది. మా మనవరాలు 5వ తరగతిలో ఉండగా ఒకరోజు దోమ పాఠం గట్టిగా చదువుతోంది. గుక్క తిప్పుకోకుండా, ఒక్క తప్పు లేకుండా చదివింది. మా ఇంటావిడ మురిసిపోయి దిష్టి తీస్తానంది. నేను ఊరుకోక, "అమ్మా, మగదోమ ఏం తిని బతుకుతుంది?" అని అడిగాను. పిల్ల పుస్తకంలోకి చూసి, దోమ అనే మాట ఉన్న మొదటి వాక్యం పట్టుకుని మళ్ళీ చదివింది. అది కాదమ్మా అంటే రెండో వాక్యం చదివింది. మగదోమలు పువ్వుల తేనె, మొక్కల రసాలు పీల్చి బతుకుతాయనీ, ఆడదోమలే గుడ్లు తయారు కావడానికి కావలసిన మాంసకృత్తుల కోసం నెత్తురు తాగుతాయనీ అదే పేజీలో శుభ్రంగా ఉంది. ఆ పిల్ల ఇప్పుడే ఆ వాక్యాన్ని పైకి చదివింది కూడాను. నోరు చదివింది, పిల్ల చదవలేదు.

అదే సమయానికి మా అపార్టుమెంటు వాచ్‌మన్ కొడుకు అక్కడ కూర్చుని ఉన్నాడు. వాడు ప్రభుత్వ పాఠశాలలో అదే తరగతి. కూడబలుక్కుని చదువుతాడు, ఒత్తులు మింగేస్తాడు. వాణ్ణి చదవమంటే అయిదు నిమిషాలు పట్టింది. ప్రశ్న అడిగితే వాడూ అంతే. ఫీజులు కట్టిన చదువుకీ, కట్టని చదువుకీ వేగంలో తేడా తప్ప అర్థంలో తేడా కనబడలేదు. 2018లో అసర్ నివేదిక మన దేశపు పల్లెల్లో 5వ తరగతి పిల్లల్లో సుమారు సగం మంది మాత్రమే 2వ తరగతి పాఠాన్ని చదవగలిగారని చెప్పింది. అది అక్షరాలు కూర్చి చదవడం గురించిన లెక్క. చదవగలిగిన ఆ సగం మందిలో ఎందరికి అర్థమైందో అది వేరే లెక్క.

పిల్లల్ని తప్పుపట్టే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. 1983 ప్రాంతంలో నేను ఒక జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. కుటుంబ పెన్షన్ కాగితాలు నా సీటులోవే. సర్వీసులో ఉండగా చనిపోయిన ఒక అటెండరు భార్య దరఖాస్తు వచ్చింది. రెండు పత్రాలు జతచేయాలని ఒక మెమో ఉండేది. ఆమె దగ్గర ఒకటే ఉంది. నేను అభ్యంతరం రాసి తిప్పి పంపాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పంపాను. మూడుసార్లు. ఆమె రెండో పత్రం కోసం తహసీలు చుట్టూ, మా ఆఫీసు చుట్టూ ఏడు నెలలు తిరిగింది. చంకలో బిడ్డతో వరండాలో నేలమీద కూర్చునేది.

అప్పుడు కొత్తగా వచ్చిన సూపరింటెండెంటుగారు ఆ ఫైలు చూసి నన్ను పిలిచారు. "ఈ మెమో చదివారా?" అన్నారు. చదివానండీ అన్నాను. నిజంగానే చదివాను, అందులోని వాక్యాలు అప్పజెప్పగలను. "అయితే కాగితం మూసేసి, ఇందులో ఏముందో మీ మాటల్లో చెప్పండి" అన్నారు. నేను మొదటి పేరా ఇంగ్లీషులో అప్పజెప్పాను. "మీ మాటల్లో" అన్నారాయన మళ్ళీ. నా దగ్గర నా మాటలు లేవు. ఆయన రెండో పేరా మీద వేలు పెట్టారు. ఆ రెంటిలో ఏది లేకపోయినా రెండోది ఉంటే చాలునని అందులో ఉంది. నేను ఆ పేరా కూడా చదివినవాణ్ణే. ఫైలు ఆ సాయంత్రమే కదిలింది. ఆమె నాకు దండం పెట్టి వెళ్ళింది. ఆ దండం నాకు ఇప్పటికీ బరువే.

మనవరాలు దోమ పాఠం చదివిన రోజు రాత్రి నాకు ఆ వరండా గుర్తుకొచ్చింది. నిద్ర పట్టలేదు. అందుకని ఈ పని పెట్టుకున్నాను.

పురుగులే ఎందుకని చాలామంది అడిగారు. రామాయణం చదివించకూడదా, నీతికథలు లేవా అన్నారు. కథలు చదివించవలసిందే, కాదనను. కానీ కథ చదివే చదువు వేరు, సంగతి చదివే చదువు వేరు. కథలో తరవాత ఏమైందన్న ఆత్రమే పిల్లవాణ్ణి లాక్కుపోతుంది. సంగతి చెప్పే పాఠంలో ఆ తాడు ఉండదు. ఎందుకు, ఎన్ని, దేనికీ దేనికీ తేడా అని వాడే అడుగుతూ నడవాలి. రేపు వాడు చదవబోయేవి ఎక్కువగా అటువంటివే. మందుసీసా మీది చీటీ, బ్యాంకు ఉత్తరం, ఉద్యోగ ప్రకటన, ఇంటి దస్తావేజు. పైగా పురుగులో ఒక సౌకర్యం ఉంది. పుస్తకంలో రాసింది నిజమో కాదో పెరట్లోకి వెళ్ళి చూసుకోవచ్చు. ఖర్చు లేదు. కావలసిందల్లా ఒక భూతద్దం. మన వయసువాళ్ళ ఇళ్ళలో అది ఎలాగూ ఉంటుంది.

మొదట్లో నాకు పద్ధతి ఏమీ తెలియదు. చదివించి ప్రశ్నలడగడం, చెప్పలేకపోతే కసరడం. మూడు వారాల్లో తొమ్మిదిమంది పిల్లలు నలుగురయ్యారు. మా కోడలు ఉపాధ్యాయురాలు. "మామయ్యగారూ, మీరు పాఠం చెప్పడం లేదు, పరీక్ష పెడుతున్నారు" అంది. కోపం వచ్చినా, మాట నిజమే. డోనా ఓగిల్ అనే అమెరికన్ ఆచార్యురాలు 1986లో ప్రచురించిన ఒక పద్ధతి ఆ అమ్మాయే చెప్పింది. కాగితం మీద మూడు గడులు గీయాలి. చదవకముందే మొదటి గడిలో "నాకు తెలిసింది", రెండో గడిలో "తెలుసుకోవాలనుకున్నది" రాయాలి. చదివాక మూడో గడిలో "కొత్తగా తెలిసింది". ముప్పయి అయిదేళ్ళు రిజిస్టర్లకు గడులు గీసినవాణ్ణి, నాకు ఇంతకన్నా ఏం కావాలి!

పాఠాలు నేనే రాస్తాను. తెలుగు అకాడమీవారి పాత ఇంటర్మీడియెట్ జంతుశాస్త్రం పుస్తకం, జనవిజ్ఞాన వేదికవారి 'చెకుముకి' సంచికలు ముందు పెట్టుకుని, పెద్ద అక్షరాలతో అరపేజీ మించకుండా రాసి జిరాక్సు తీయిస్తాను.

మొదటి గడి ఎంత ముఖ్యమో ఆరుద్ర పురుగు దగ్గర తెలిసింది. తొలకరి వానలకి ఎర్రటి మఖమల్ ముక్కలాగా నేలమీద పాకుతుందే, అదే. పిల్లలందరూ మొదటి గడిలో "ఆరుద్ర పురుగు ఒక కీటకం" అని రాశారు. ఆ రోజు పాఠంలో కీటకానికి ఆరు కాళ్ళుంటాయనీ, శరీరం తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలుగా ఉంటుందనీ ఉంది. అందరూ చదివేశారు, బాగుందన్నారు, ఒక్కరికీ అనుమానం రాలేదు. అప్పుడు అగ్గిపెట్టెలో తెచ్చిన పురుగును అద్దం కింద పెట్టి కాళ్ళు లెక్కపెట్టమన్నాను. ఎనిమిది వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టారు, ఎనిమిదే. "అయితే పుస్తకం తప్పా, పురుగు తప్పా?" అన్నాను. పెద్ద గొడవ జరిగింది. చివరికి ఒక చిన్నపిల్ల మెల్లగా, "ఇది కీటకం కాదేమో, మనం రాసింది తప్పేమో" అంది. అదీ సంగతి. ఆరుద్ర పురుగు సాలీడు, తేలు కుటుంబానికి చెందింది. తనకు ముందే తెలుసుననుకున్న మాట పక్కన, చదివిన మాటను పెట్టి చూడడం ఆ పిల్లకి ఆ రోజు వచ్చింది. పురుగుల్ని మళ్ళీ తడినేల మీద వదిలేశాం.

ఈ విషయంలో పిల్లలకే కాదు, నాకూ శాస్తి జరిగింది. మనందరం భ్రమర కీటక న్యాయం వినే పెరిగాం. భ్రమరం ఒక పురుగును తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ ఝుంకారం చేస్తుందనీ, పురుగు భయంతో దాన్నే తలచుకుని తలచుకుని తానూ భ్రమరమైపోతుందనీ. కిటికీ మూల కందిరీగ కట్టిన మట్టిగూడు చూపించి పిల్లలకు నేను ఈ కథ చక్కగా వివరించాను. మరుసటి వారం కందిరీగ పాఠం చదువుతున్నాం. నేను రాసిన పాఠమే సుమండీ, పుస్తకంలోంచి ఎత్తి రాశాను. కందిరీగ మట్టిగూట్లో గుడ్డు పెడుతుంది; గొంగళిపురుగుల్ని కుట్టి, చావకుండా కదలకుండా చేసి తెచ్చి గూట్లో నింపుతుంది; మూతిని మట్టితో మూసేస్తుంది; గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగుల్ని తిని పెరిగి, గూటికి కన్నం చేసుకుని బయటికొస్తుంది. వాచ్‌మన్ కొడుకు చెయ్యెత్తి, "తాతా, మరి నువ్వు చెప్పింది దీంట్లో లేదే?" అన్నాడు. నేను చెప్పింది వేరు, ఇది వేరు అని సర్దబోయాను. వాడు వదల్లేదు. "పురుగు కందిరీగ అయిపోలేదు తాతా. పురుగుని కందిరీగ పిల్ల తినేసింది. లోపలికెళ్ళింది పురుగు, బయటికొచ్చింది కందిరీగ, అందుకని చూసినోళ్ళు అట్లా అనుకున్నారు" అన్నాడు.

నేను ఆ పాఠం రాశాను, అచ్చుతప్పులు దిద్దాను, నాలుగుసార్లు చదివాను. నేను చెప్పిన కథకీ నేను రాసిన పాఠానికీ పొసగదన్న సంగతి నాకు తట్టలేదు. మెమోలో రెండో పేరా లాంటిదే మళ్ళీ జరిగింది. వేదాంతంలో ఆ న్యాయం చెప్పదలచుకున్న ధ్యానం మాట వేరు, అది అక్కడ చెల్లుతుంది. కిటికీ మూల గూటికి మాత్రం చెల్లదు. పిల్లలందరి ముందూ నా తప్పు ఒప్పుకున్నాను. ఆ తరవాతనుంచే వాళ్ళు నన్ను ధైర్యంగా ప్రశ్నలడగడం మొదలుపెట్టారని నా నమ్మకం.

మాటల అర్థం సంగతి. మన పాఠ్యపుస్తకాల్లో పెద్ద పెద్ద సమాసాలుంటాయి. పిల్లలు వాటిని మూటలాగా ఎత్తి దించేస్తారు, విప్పి చూడరు. విప్పడం నేర్పితే చాలు, నిఘంటువు అక్కరలేదు. స్పర్శశృంగాలు అంటే స్పర్శ, శృంగం. ముట్టుకుని తెలుసుకునే కొమ్ములు. రూపవిక్రియ అంటే రూపం మారడం. పరాన్నజీవి దగ్గర మా మనవరాలు "పర, అన్న, జీవి" అని విడదీసి, "పక్కింట్లో అన్నం తినేది" అంది. నవ్వి, సరే అన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. విడదీసినా తెలియని మాటలుంటాయి. అప్పుడు ముందు వాక్యం, వెనక వాక్యం చూసి ఊహించమంటాను. ఊహ తప్పినా పరవాలేదు, ఊహించకుండా దాటిపోకూడదు. తెలియని మాట దగ్గర పెన్సిలుతో చుక్క పెట్టమంటాను. చుక్కలు ఎక్కువ పెట్టినవాడికి మెచ్చుకోలు. ఇది వాళ్ళకి వింతగా ఉండేది. తెలియలేదని ఒప్పుకుంటే బడిలో దెబ్బలాయె.

చెదపురుగుల పాఠం నాకు ఇష్టమైనది, కారణం మీకు చెప్పక్కరలేదు. రికార్డు రూములో నా సగం సర్వీసు వాటితోనే గడిచింది. గెమాక్సిన్ పొడి చల్లి చల్లి చేతులు కంపు కొట్టేవి. ఒక సర్వీసు రిజిస్టరు పైకి అట్టతో సహా దర్జాగా ఉండేది, తీసి తెరిస్తే లోపల మట్టి! చెదలు వెలుగుకు వెరచి, మట్టి గొట్టాలు కట్టుకుని లోలోపలే తింటాయి. కాగితంలో, కర్రలో ఉండే సెల్యులోజ్‌ను వాటి కడుపులోని సూక్ష్మజీవుల సాయంతో అరిగించుకుంటాయి. ఇంగ్లీషువాడు వీటిని తెల్లచీమలన్నాడు గాని, చీమలతో వీటికి చుట్టరికం లేదు, దగ్గర బంధువులు బొద్దింకలు. మనం చీమలపుట్ట అని చూపించే పెద్ద పుట్టలు కూడా చాలావరకు చెదలు కట్టినవే.

ఆ పాఠానికి ముందు పేరు మాత్రమే చూపించి, లోపల ఏముంటుందో చెప్పమన్నాను. "ఉసిళ్ళు ఎవరి పిల్లలు?" అని పేరు. వానపడిన రాత్రి దీపం చుట్టూ ముసిరే ఉసిళ్ళు అందరికీ తెలుసు. గోడకి పట్టే చెదలూ తెలుసు. రెండూ ఒకటేనని ఎవరికీ తెలియదు. చదివాక, రెక్కల చీమకీ ఉసిలికీ తేడాలు రెండు వరసల్లో రాయించాను. చీమకు నడుము సన్నం, ఉసిలికి కాదు. చీమ మీసం మోచెయ్యిలాగా వంగి ఉంటుంది, ఉసిలి మీసం పూసలపేరులాగా తిన్నగా ఉంటుంది. చీమకు ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. ఉసిలికి నాలుగూ సమానం. మర్నాడు వాన పడింది. వరండా దీపం కింద రాలిన రెక్కలు ఏరుకొచ్చి, జతలు జతలుగా పేర్చి, ఇవి ఉసిళ్ళవేనని రుజువు చేశారు. ఆ రెక్కల చెత్త చూసే మన కోశాధికారిగారు నా మీద కార్యవర్గానికి ఫిర్యాదు చేశారు. వారు ఇప్పుడు ముందు వరసలోనే ఉన్నారు, నాకేమీ కోపం లేదని మనవి.

ఇక దోమ దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఇందులో మనందరి ప్రాణాలున్నాయి. పురపాలక సంఘంవారు ఇంటింటికీ పంచిన కరపత్రం మీరంతా చూసే ఉంటారు. వారానికొకసారి నీళ్ళ పాత్రలు ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టమని. అదే పాఠంగా పెట్టాను. వారమే ఎందుకు, నెలకోసారి చాలదా అని అడిగాను. కరపత్రంలో కారణం లేదు. అంతకుముందు పాఠంలో గుడ్డు దోమ కావడానికి వెచ్చని రోజుల్లో వారం నుంచి పది రోజులు పడుతుందని ఉంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూశారు. "రెక్కలు రాకముందే పారబోయాలి కాబట్టి" అని మా మనవరాలు అంది. మరి తోమడమెందుకు? డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్లు పాత్ర గోడకు అంటుకుని ఉంటాయి, తడి ఆరిపోయినా నెలల తరబడి చావవు, నీళ్ళు తగిలితే పిల్లలవుతాయి. కాబట్టి ఒంపేస్తే చాలదు, తోమాలి. కాగితంలో రాయని కారణాన్ని కాగితంలో రాసినవాటి నుంచి లాగడం ఇదే. కరపత్రం మనమందరం చదివాం. పాటించినవాళ్ళెవరో చేతులెత్తండి అంటే బాగుండదు గనుక అడగను.

పిల్లలు మాత్రం ఊరుకోలేదు. అప్పటికప్పుడు తనిఖీకి బయలుదేరారు. మొదటి కేసు ఎక్కడ దొరికిందంటారా? మన సంఘ భవనంలోనే. ఈ హాలు వెనక కూలరులో. తెల్లగిన్నెలోకి నీళ్ళు తీస్తే దోమపిల్లలు తలకిందులుగా వేలాడుతూ గిలగిలలాడుతున్నాయి. రెండో కేసు మా ఇంట్లో, ఫ్రిజ్ వెనక పళ్ళెంలో. మా ఇంటావిడ ఆ రోజు మనవరాలితో మాట్లాడలేదు.

దోమల మీద చివరగా రొనాల్డ్ రాస్ పాఠం చదివించాను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలచేత కుట్టించుకోమని, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ప్రపంచమంతా ఏటా ఆ తేదీన దోమల దినం జరుపుకుంటుంది. పిల్లలకు అణా అంటే రూపాయిలో పదహారో వంతు అని చెప్పవలసి వచ్చింది. "రాస్ కోసి చూసిన దోమ ఆడదా, మగదా?" అని అడిగాను. పాఠంలో లేదన్నారు చాలామంది. గడుసు ప్రశ్న అని నాకూ తెలుసు. వాచ్‌మన్ కొడుకు పాఠం ఎత్తి పట్టుకుని, కూడబలుక్కుంటూ మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఆగాడు. "కుట్టింది కదా తాతా. ఆడదే" అన్నాడు.

వాడికి ఇప్పటికీ ఒత్తులు సరిగ్గా పలకవు. కానీ ఆ రోజు వాడు చదివాడు.

పనికిరాని పద్ధతులు కూడా ఒకటి రెండు చెబుతాను. ఒకరి తరవాత ఒకరు తలా ఒక పేరా పైకి చదవడం నేను మానిపించాను. తన వంతు ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకోవడమే తప్ప ఎవరూ వినరు. ఫాబ్ర్ అనే ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త వరసకట్టి నడిచే గొంగళిపురుగులను ఒక పెద్ద కుండీ అంచుమీదికి ఎక్కనిచ్చి వలయం చేస్తే, అవి ఒకదాని వెనక ఒకటి ఏడు రోజులు ఆ అంచుమీదే తిరిగాయి. అది చదివినప్పుడు మా కోడలు "మా బడిలో రీడింగ్ పీరియడ్ ఇదే" అని నవ్వింది. గైడు పుస్తకంలోని ప్రశ్నలు కూడా వద్దు. జవాబు వాక్యం తిరగేస్తే ప్రశ్న అయ్యేటట్టు ఉంటాయి. పిల్లలచేతే ప్రశ్నలు రాయించాలి. మంచి ప్రశ్న రాయాలంటే ముందు అర్థం కావాలి.

అన్నిటికన్నా పనికొచ్చింది ఆ సూపరింటెండెంటుగారు నన్నడిగిన ప్రశ్నే. కాగితం మూసి, నీ మాటల్లో చెప్పు. ప్రతి పేరా తరవాతా అదే అడుగుతాను. చెప్పలేకపోతే తప్పు కాదు, తెరిచి మళ్ళీ చదువుకోవచ్చు. పాఠం కాక ఇంట్లో తమ్ముడికి చెప్పినట్టు చెప్పమంటే ఇంకా బాగా చెబుతారు. ఆయన ఇప్పుడు లేరు.

పోయిన ఏడాది మా కుండీలోని కరివేపాకు మొక్క మీద గొంగళిపురుగులు కనిపించాయి. చిన్నప్పుడు పిట్టరెట్టలాగా నలుపు తెలుపుగా ఉంటాయి, శత్రువుల కంటపడకుండా. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. ముట్టుకుంటే తల వెనకనుంచి ఎర్రటి కొమ్ముల జత బయటపెట్టి ఘాటువాసన వదులుతాయి. నిమ్మచెట్టు మీదా ఇవే ఉంటాయి. పిల్లలు పాఠం చదివి, రోజూ కొలిచి, తేదీలు వేసి రిజిస్టరు రాశారు. రెండు ప్యూపాలయ్యాయి. పది పన్నెండు రోజుల్లో సీతాకోకచిలుకలు వస్తాయని పాఠంలో ఉంది. ఒకటి వచ్చింది. రెండోదానికోసం పద్దెనిమిది రోజులు చూశారు. పంతొమ్మిదో రోజు దానికి సన్నటి కన్నం పడి, లోపలినుంచి ఇసుకరేణువుల్లాంటి రెక్కల పురుగులు బిలబిల బయటికొచ్చాయి. చిన్నపిల్లలు ఏడ్చేశారు. మా మనవరాలు నాతో, "తాతగారూ, మీ పాఠం తప్పు" అంది.

నాకూ వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. వాచ్‌మన్ కొడుకు మాత్రం ఫైలులోంచి కందిరీగ పాఠం, సీతాకోకచిలుక పాఠం రెండూ తీసి నేలమీద పరిచాడు. సీతాకోకచిలుక పాఠం చివర్లో, గొంగళిపురుగులలో చాలావాటిని ఇతర కీటకాలు నాశనం చేస్తాయని ఒక్క వాక్యం ఉంది. అందరం దాటిపోయిన వాక్యం. వాడు దాని మీద వేలు పెట్టి, మా మనవరాలి వైపు చూసి, "పర, అన్న, జీవి" అన్నాడు.

సమయం అయిపోయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క మనవి. ఇప్పుడు పదిహేడుమంది పిల్లలు వస్తున్నారు. ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర వరకు. చదరంగం ఆడే మిత్రులు పదింటికి గాని రారు గనుక ఎవరికీ ఇబ్బంది ఉండదు. గది ఊడ్చి, కిటికీలు వేసి వెళ్ళే పూచీ నాది. జిరాక్సు ఖర్చు నేను పెట్టుకుంటాను. మీరు వాడని భూతద్దాలుంటే ఇవ్వండి. నా కంటి ఆపరేషన్ వచ్చే నెలలో ఉంది. రెండు మూడు ఆదివారాలు నా బదులు కూర్చోవడానికి ఎవరైనా ఒకరు కావాలి. పురుగుల గురించి ఏమీ తెలియకపోయినా పరవాలేదు, పాఠాలు రాసి పెట్టాను. తదుపరి పాఠం లక్కపురుగు. మన కవర్ల మీద సీలు వేసిన లక్క, గాజుల లక్క, ఏటికొప్పాక బొమ్మల మీది రంగుల లక్క, అన్నీ ఆ పురుగు కొమ్మల మీద స్రవించిందే. ఎవరింట్లోనైనా పాత సీలు లక్క ముక్క మిగిలి ఉంటే తెచ్చి ఇవ్వండి, పిల్లలకు చూపించాలి.